లొరీన్ నీలం చుక్క

ఆ సోమవారం పొద్దున రాయిస్ టటిల్ చేతిలో ఉన్నవి ఇవి: ఇంకా విప్పని కొత్త నవలల పెట్టెలు మూడు, సగం వాడిన, పుస్తకాల మీద అంటించే నీలం కాగితం చుక్కల చుట్ట ఒకటి, తల ఎత్తకూడని భార్య.

లొరీన్ కుడి కంటి లోపలి పొర ఊడిపోతే పట్నం ఆసుపత్రిలో అతికించి, కంట్లోకి గాలి బుడగ ఎక్కించి పంపారు. ఆ బుడగ పొరను నొక్కి పట్టి ఉంచాలంటే ఆమె ముఖం ఎప్పుడూ నేలవైపే ఉండాలి. తినేటప్పుడూ అంతే, పడుకునేటప్పుడూ అంతే. చదవడం మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఇంట్లో ఒక్కతే ఉండలేక ఆమె తమ క్రైస్తవ పుస్తకాల కొట్టుకే వచ్చి, వెనకవైపు బల్ల అంచున దిండు వేసుకుని, దానికి నుదురు ఆనించి కూర్చునేది. విషయం తెలియని వాళ్లు ఆమె ప్రార్థనలో ఉందనుకుని గొంతు తగ్గించేవారు. చిల్లర కూడా చప్పుడు కాకుండా తీసుకునేవారు.

"కొట్టుకి మర్యాద పెరిగింది," అన్నాడు రాయిస్.

"నా మెడ విరిగితే ఇంకా పెరుగుతుంది," అంది లొరీన్ నేలకేసి చూస్తూనే.

కొట్టు మొత్తంలో రాయిస్‌కు కొరుకుడు పడనిది నవలల అర ఒక్కటే. బైబిళ్ల గురించి అడిగితే తోలు ఏది, తోలులా కనిపించేది ఏది చేత్తో తడిమి చెప్పగలడు. ఆదివారం బడి పుస్తకాలు, చర్చి గాయకుల అంగీలు, గోడకు తగిలించే వాక్యాల పలకలు, అన్నిటి లెక్కా నోటికి తెలుసు. ఈ కొట్టుకు ముందు ట్రాక్టరు విడిభాగాలు అమ్మినవాడు కనుక సరుకంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. నవలలు మాత్రం లొరీన్‌వి. వచ్చిన ప్రతి నవలా ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేది. నచ్చితే పుస్తకం వీపు మీద, పేరుకి కిందుగా నీలం చుక్క అంటించేది. నచ్చకపోతే పంపినవాళ్లకే తిప్పి పంపేది. ఊళ్లో ఆడవాళ్లు రచయిత పేరు చూడరు, చుక్క చూస్తారు. అట్టల మీద బొమ్మలన్నీ ఒక కాన్పు పిల్లల్లా ఉంటాయి: పొలం, ఎర్ర కొట్టం, తెల్ల టోపీ పెట్టుకుని దూరంగా చూసే అమ్మాయి. వాటిని విడదీసేది చుక్కే.

"కొత్తవి వచ్చాయా?" అని అడుగుతారు.

"వచ్చాయి."

"లొరీన్ చూసిందా?"

"ఇంకా లేదు."

"అయితే మళ్లీ వస్తాం."

ఈ మాట వారం రోజులుగా వింటున్నాడు. మళ్లీ వస్తామన్న వాళ్లు ఎక్కడికి వెళ్తారో వ్యాపారం చేసినవాడికి తెలుసు. ఆ సోమవారం లొరీన్ దిండు మీద కునికిపాట్లు పడుతుండగా రాయిస్ పెట్టెలు విప్పాడు. అట్టలు చూశాడు. పొలాలున్నాయి, కొట్టాలున్నాయి. చుట్టలోంచి ఒక చుక్క ఊడదీసి, మొదటి పుస్తకం వీపు మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. ఆ తర్వాత చేయి దానంతటదే ఆడింది. మధ్యాహ్నానికి అర నిండింది. సాయంత్రానికి సగం ఖాళీ అయింది.

చర్చి గ్రంథాలయం చూసుకునే వెల్మా డికర్సన్ అందరికంటే ముందు వచ్చి, అట్ట మీద అమ్మాయి లేకుండా ఎర్ర కొట్టం ఒక్కటే ఉన్న నవల ఒకటి తీసుకెళ్లింది. ఆమె భర్త జీన్ ఎప్పటిలాగే బయట పికప్పు బండిలోనే కూర్చున్నాడు. రాయిస్ కిటికీలోంచి చేయెత్తితే, అతను స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు లేపాడు. వాళ్లిద్దరి పలకరింపు ఎప్పుడూ అంతే.

*

గురువారం వెల్మా అదే నవలతో తిరిగొచ్చింది. దాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది.

"లొరీన్ కంటికి బాగోలేదు, ఒప్పుకుంటా. బుద్ధికేమైంది?"

రాయిస్ వెనకకు చూశాడు. దిండు మీద తల కదల్లేదు.

"ఏం జరిగింది సిస్టర్ వెల్మా?" అన్నాడు మెల్లగా. "బూతుందా?"

"రెండు మాటలున్నాయి, నల్ల పెన్నుతో కొట్టేశాను. అది నా పనే, దానికి గొడవ పెట్టను."

"మరి పడకగది సంగతులా?"

"ఛీ, అలాంటివేం లేవు."

"తాగుడు?"

"మందు షాపు వాడిలా జాబితా చదవకు రాయిస్. అందులో మనిషి మారడు. అదీ సంగతి." ఆమె పుస్తకాన్ని వేలితో పొడిచింది. "రైతు. కొడుకు జొన్న గాదెలో కూరుకుపోయి చచ్చిపోతాడు. ఈయన ప్రార్థన మానేస్తాడు. మానితే మానాడు, కథలో అలాంటివి ఉంటాయి. తర్వాత ఎవరో వస్తారు, ఏదో జరుగుతుంది, మోకరిస్తాడు అని నేను చూస్తున్నా. పాస్టరు రాడు. స్నేహితుడు రాడు. ప్రతి ఆదివారం పెళ్లాన్ని చర్చి దగ్గర దింపి తను బండిలో కూర్చుంటాడు. ఆఖరి పేజీ తిప్పితే అచ్చేసిన వాళ్ల చిరునామా వచ్చింది. పేజీలు అంటుకుపోయాయేమోనని గోరుతో గీకి కూడా చూశాను."

రాయిస్ పుస్తకం తిప్పి చూశాడు. విడిభాగం పాడై వెనక్కొస్తే ఎక్కడ అరిగిందో చూసేవాడు. దీంట్లో ఎక్కడ చూడాలో అతనికి తెలియదు.

"బూతు లేదు, పాడు లేదు. ఇంకా ఏం కావాలి?" అన్నాడు.

"బూతు లేకపోతే సరిపోతుందా? వంటల పుస్తకంలోనూ బూతుండదు." వెల్మా చేతిసంచీ బల్ల మీద పెట్టుకుని దాని మీద మోచేతులు ఆనించింది. గొంతు కొంచెం తగ్గింది. "మా దగ్గరికి పుస్తకాల కోసం ఎవరొస్తారో నీకు తెలుసా? ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే పిల్లలు. మొగుడు తాగి పడుకునే వాళ్లు. పగలంతా ఏదీ గెలవడం చూడరు. ఒక్కటైనా గెలిచేది చూద్దామని తీసుకెళ్తారు. ఊరి గ్రంథాలయంలో బోలెడు నవలలున్నాయి, వాటిలో ఎవరికీ ఏదీ కుదరదు. అవి వదిలేసి మన అర దగ్గరికి ఎందుకొస్తారు? చివరికి దేవుడు మాట నిలబెట్టుకుంటాడని. ఆ మాటకే నీ పెళ్లాం చుక్క పెడుతుంది. దాన్ని నమ్మే నేను ఇన్నేళ్లుగా కొంటున్నాను."

"డబ్బు తిరిగి ఇచ్చేస్తాను."

"డబ్బు సరే. అమ్మినవన్నీ వెనక్కి తెప్పించు. చుక్క తప్పు పడిందని చెప్పు. మంగళవారం వస్తాను. అప్పటికి అది అరలో ఉంటే వేసవి బైబిలు బడి పుస్తకాలు ఈ ఏడు తపాలాలో పంపే క్యాటలాగు వాళ్ల దగ్గర తెప్పించుకుంటాం. చర్చి పెద్దలతో మాట్లాడే చెప్తున్నాను."

వేసవి బైబిలు బడి ఆర్డరంటే కొట్టుకు మూడు నెలల తిండి. రాయిస్ తలూపి డబ్బు తిరిగి ఇచ్చాడు. ఆమె వెళ్లి పికప్పు తలుపు గట్టిగా వేసుకుంది. లోపల జీన్ పేపరు మడిచి పక్కన పెట్టి బండి తీశాడు.



"వెల్మా కొత్త చెప్పులు కొన్నట్టుంది," అంది లొరీన్ దిండులోంచి.

"గమనించలేదు," అన్నాడు రాయిస్.

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని అతను ఆ సాయంత్రమంతా అనుకున్నాడు.

*

ట్రాక్టరు బ్రేకుల్లో లోపం బయటపడితే ఏం చెయ్యాలో రాయిస్‌కు తెలుసు. ఎవరికి అమ్మామో వాళ్ల ఇంటికి మనమే వెళ్లాలి, వాళ్లు అడక్కముందే డబ్బు చేతిలో పెట్టాలి, మాట తక్కువ మాట్లాడాలి. ఎర్ర కొట్టం పుస్తకం వెల్మా కాక ఇంకో ఇద్దరే కొన్నారు. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరాడు.

బేకరీ నడిపే నాడీన్ పుస్తకం ఇంకా తెరవనే లేదు. పిండి చేతులు ఏప్రానుకు తుడుచుకుని, నగదు పెట్టె కింద నుంచి పుస్తకం తీసిచ్చింది.

"సెలవులకని దాచుకున్నా. ఏమైంది? చుక్క ఉందిగా?"

"చుక్క పొరపాటున పడింది."

"లొరీన్ పొరపాటు పడిందా? పాపం, కన్ను కదా. అది బాగుపడేదాకా చుక్క పెట్టకుండా ఉండాల్సింది."

రాయిస్ "ఊ" అన్నాడు. అంతే అన్నాడు. దాల్చినచెక్క రొట్టె ఒకటి లొరీన్‌కని కాగితంలో చుట్టి ఇస్తే పుచ్చుకుని బయటికొచ్చాడు. బండిలో ఆ రొట్టె పక్క సీటు మీద పెట్టి, చాలాసేపు తాళం తిప్పలేదు.

ఓపల్ రీస్ ఇల్లు ఊరి చివర, ధాన్యం నిలవచేసే ఎత్తైన ఎలివేటరు దాటాక. ముప్ఫై ఏళ్లు బడిలో వంట చేసి మానేసిన ముసలామె. వరండాలో కూర్చుని ఒళ్లో గిన్నె పెట్టుకుని బఠాణీలు ఒలుస్తోంది. పుస్తకం ఊయల బల్ల మీద బోర్లా తెరిచి ఉంది, ఎక్కడ ఆపిందో ఆ పేజీ దగ్గర.

"అది తిరిగి తీసుకుందామని వచ్చాను," అన్నాడు రాయిస్. "డబ్బు తెచ్చాను."

"దేనికి?"

"బాగోలేదని ఫిర్యాదొచ్చింది."

"నేను చెయ్యలేదే."

"మీరు కాదు."

"మరి చేసినవాళ్ల దగ్గర తీసుకో. నాది నాకుంచు." ఓపల్ ఒక కాయ చీల్చి గింజలు గిన్నెలోకి తోసింది. "కూర్చో. నుంచుంటే అప్పు వసూలుకొచ్చినవాడిలా ఉన్నావు."

కూర్చున్నాడు. ఆమె ఒక గుప్పెడు కాయలు అతని ముందు పోసింది. చెయ్యి ఖాళీగా ఉండకూడదు గనక అతనూ ఒలిచాడు.

"అందులో ఆయన చివరిదాకా మారడట," అన్నాడు.

"ఇప్పుడే రెండోసారి చదువుతున్నా. మారడు."

"మరి అది క్రైస్తవ నవల ఎలా అవుతుంది? నేను చదవలేదు, తెలియక అడుగుతున్నా."

"నువ్వు చదవవా? ఇన్నేళ్లూ అమ్ముతూ?"

"పిండి మర వాడు రొట్టెలు చెయ్యాలని ఉందా?"

ఓపల్ నవ్వింది. పళ్ల సెట్టు సరిచేసుకుంది. "మా అమ్మాయి పట్నం నుంచి నవలలు తెస్తుంది. బహుమతులొచ్చినవి. బాగానే ఉంటాయి. కానీ వాటిలో ప్రార్థన చేసేవాడు కనిపించాడంటే, వాడు వెర్రివాడన్నా అయి ఉంటాడు, పిల్లల్ని కొట్టేవాడన్నా అయి ఉంటాడు. ఎదురుచూస్తూ కూర్చుంటాను, ఎప్పుడు బయటపడతాడా అని. డెబ్బై ఏళ్లుగా ప్రార్థన చేస్తున్నదాన్ని, నన్ను చూసి పక్క గదిలో నవ్వుతున్నట్టుంటుంది. నీ కొట్టులో పుస్తకాల్లో ఎవరూ నవ్వరు. అందుకని కొంటాను."

"ఇందులో ఆయన అసలు ప్రార్థనే మానేశాడుగా."

"మానేశాడు." ఆమె చేతులు ఆగాయి. "ఆయన మానేశాడు రాయిస్. ఆయన బదులు నేను చేశాను. కట్టుకథలో మనిషి కోసం, ఈ వరండాలో కూర్చుని. నా జన్మలో అలాంటి తిక్క పని చెయ్యలేదు." మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. "ఆదివారం లొరీన్ కనిపిస్తే చెప్తాను, ఈసారి బాగా ఎంచావని."

రాయిస్ డబ్బు జేబులోనే ఉంచుకుని లేచాడు. ఆమె ఒక గిన్నెడు బఠాణీలు సంచీలో పోసి ఇచ్చింది. వెనక్కి తేవాల్సిన రెండిటిలో ఒకటే దొరికింది, దాంతోపాటు ఒక రొట్టె, బఠాణీలు.

*

శనివారం పొద్దున కొట్టు తెరవకముందే చెప్పేశాడు. వెనక బల్ల పక్కన పీట మీద కూర్చున్నాడు, అలా అయితే ఆమెకు కనీసం తన బూట్లైనా కనిపిస్తాయని.

"ఆ చుక్కలు నేను పెట్టాను లొరీన్."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి నేల తప్ప నేనేం చూడటం లేదు. చుక్కలు ఊడదీసిన కాగితం ముక్కలు ఇక్కడ దాకా కొట్టుకొచ్చాయి. నువ్వు పెట్టెలు దాచావు గానీ ఊడవలేదు."

"మరి అడగవేం?"

"నువ్వు చెప్తావేమోనని."

"నాడీన్ నీ పొరపాటనుకుంది. నేను కాదనలేదు."

దిండు మీద తల కొంచెం పక్కకు తిరగబోయి, డాక్టరు మాట గుర్తొచ్చి ఆగింది.  ఇరవై ఏళ్లుగా ఒక్కో పుస్తకం ముందు కూర్చుని, నిద్ర చెడగొట్టుకుని ఆమె కూడబెట్టుకున్న పేరు అది. దాన్ని అతను ఒక్క "ఊ"తో నాడీన్ బల్ల మీద వదిలి వచ్చాడు.

"వెల్మా తిరిగిచ్చింది ఎక్కడుంది?" అంది లొరీన్.

"బల్ల కింద."

"తీసుకురా. చదువు."

"నేనా?"

"నా పేరు మీద అమ్మావు. అందులో ఏముందో నాకు తెలియొద్దా?"

రాయిస్ కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. విడిభాగాల పట్టీ చదివినట్టు చదివాడు, ప్రతి వాక్యం చివరా ఒకే ఎత్తున ఆగుతూ. ఎవరైనా కొనడానికొస్తే పేజీలో వేలు పెట్టుకుని వెళ్లి అమ్మి, వచ్చి మళ్లీ అందుకునేవాడు. వెల్మా పెన్ను కనిపించినచోట "ఇక్కడ నలుపు" అని చదివి ముందుకెళ్లాడు.

"దాని కింద ఏముందో తెలుస్తోందా?" అంది లొరీన్.

"వెలుతురుకి పట్టుకుంటే తెలుస్తుంది."

"చర్చిలో పిల్లలందరూ అదే చేస్తారు. వెల్మాకొక్కదానికే తెలియదు."

మధ్యాహ్నం భోజనమయ్యాక అతని గొంతు కొంచెం మారింది. అది అతనికి తెలియలేదు, ఆమెకు తెలిసింది. రైతు గాదె దగ్గర నిలబడి జొన్నలు చేతులతో తోడుతున్న చోట రాయిస్ రెండుసార్లు తప్పు చదివి, వెనక్కి వెళ్లి సరిగ్గా చదివాడు. తొమ్మిదో అధ్యాయంలో ఆ రైతు దేవుణ్ణి ఒక మాట అన్నాడు. రాయిస్ దాన్ని చదివి ఆగాడు.

"ఆ మాట కొట్టెయ్యలేదే?" అంది లొరీన్.

"లేదు."

"ముందు వాటికంటే పెద్ద మాట. వెల్మా వదలదు."

రాయిస్ పేజీలు ముందుకు తిప్పి చూశాడు. ఆరో అధ్యాయం తర్వాత ఎక్కడా నలుపు లేదు. కొట్టెయ్యాల్సినవి అక్కడక్కడా ఉన్నాయి, అలాగే ఉన్నాయి. పెన్ను చేతిలో పట్టుకునే కూర్చున్న మనిషి దాన్ని మరిచిపోయి చివరిదాకా వెళ్లిపోయింది.

"కానివ్వు, చదువు," అంది లొరీన్.

ఆఖరి పేజీకొచ్చేసరికి ఎండ వెనక గది దాకా వచ్చింది. రైతు పికప్పు చర్చి ముందు ఆగి ఉంది. భార్య లోపలికి వెళ్లింది. అతను పేపరు తెరిచాడు. రాయిస్ అక్కడ ఆగిపోయాడు. కళ్లజోడు తీసి కిటికీ వైపు చూశాడు. బయట ఆ వేళప్పుడు ఎవరి బండీ లేదు. వెల్మా కొడుకు క్వారీ నీళ్లలో మునిగి చనిపోయిన వేసవి రాయిస్‌కు గుర్తుంది, శవపేటిక మోసిన వాళ్లలో తనూ ఉన్నాడు. జీన్ చర్చి లోపల కనిపించడం అదే ఆఖరు. ఊరంతటికీ తెలుసు. ఊళ్లో ఎవరూ అనరు.

"ఆగావేం?"

"అద్దం దించాడు," అని చదివాడు రాయిస్. "లోపల పాడుతున్నది వినపడుతోంది. పేపరు ఒళ్లో ఉంది." కాస్త ఆగి, "అంతే. తర్వాత చిరునామా," అన్నాడు.

లొరీన్ కన్నీరు చెంప మీదికి జారలేదు, ముఖం కిందికే ఉంది గనక తిన్నగా నేల మీద పడింది.

"కంట్లో మందు," అంది.

"ఇవాళ మందు వెయ్యలేదు నేను."

"అయితే వెయ్యి. నీ చుక్కలన్నీ ఊడదియ్యి, నేను చదవని వాటి మీద నాది వద్దు. ముందు నాడీన్‌కి ఫోను చెయ్యి."

ఫోను చేశాడు. "చుక్క పెట్టింది నేను, లొరీన్ కాదు," అని చెప్పడానికి పట్టినంత సేపు ఏ బేరానికీ పట్టలేదు. తర్వాత సాయంత్రందాకా గోరుతో చుక్కలు గీకి, పుస్తకాలు మళ్లీ పెట్టెల్లో పెట్టాడు. ఎర్ర కొట్టం పుస్తకం చేతిలో పట్టుకుని అడిగాడు, "దీనికీనా?"

"దాన్ని చదివింది నువ్వు. నీకు నచ్చితే నీ చుక్క పెట్టుకో. నా రంగు మాత్రం ముట్టుకోకు."

బల్ల సొరుగులో ధరలు తగ్గించినప్పుడు అంటించే గోధుమరంగు చుక్కలున్నాయి.

ఆదివారం లొరీన్ చెయ్యి పట్టుకుని చర్చి మెట్లెక్కిస్తుంటే, మేపుల్ చెట్టు కింద ఎప్పటి చోటే జీన్ పికప్పు కనిపించింది. అద్దం దించి ఉంది. ఇన్నేళ్లుగా దించే ఉండేదా అన్నది రాయిస్ ఎన్నడూ గమనించలేదు.

*

మంగళవారం వెల్మా వచ్చి నేరుగా నవలల అర దగ్గరికి వెళ్లింది. నీలం చుక్కలు పలచగా ఉన్నాయి, పాతవే. మధ్యలో ఎర్ర కొట్టం పుస్తకాలు, వాటి మీద గోధుమరంగు చుక్క.

"ఇదేంటి?"

"ఆ నీలం చుక్కలు నేను పెట్టాను సిస్టర్. లొరీన్ చదవలేదు. ఆమెకు అందులో పాపం లేదు. ఇది నా చుక్క. దీన్ని నేను చదివాను."

"నువ్వు?"

"పైకి చదివాడు," అంది వెనక నుంచి లొరీన్. "సాక్షిని నేను."

వెల్మా అతని ముఖం పరీక్షగా చూసింది. "పెద్దలు నిర్ణయించేశారు. నేనే నిలబడి చెప్పాను, ఇప్పుడు నేనే కాదనలేను. బడి పుస్తకాలు క్యాటలాగు నుంచే వస్తాయి."

పెన్ను ఎక్కడ ఆగిందో ఒక్క మాట అడిగితే ఆర్డరు నిలబడేదేమో. బేరంలో అలాంటిది చేతికి దొరికితే వదిలే మనిషి కాదు రాయిస్. నోటి దాకా వచ్చింది కూడా. మింగేశాడు.

"అలాగే," అన్నాడు. "వచ్చే ఏడు చూద్దాం."

ఆమె వెళ్లలేదు. వాక్యాల పలకలు చూసింది, ఒకటి సరిగా తగిలించింది. తర్వాత అర దగ్గరికి తిరిగొచ్చి ఎర్ర కొట్టం పుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది, ఈసారి బోర్లా కాదు.

"గ్రంథాలయానికి కాదు," అంది.

"మీరు తిరిగిచ్చింది ఉంది. కావాలంటే అదే తక్కువకి..."

"గీతలు లేనిది కావాలి." చేతిసంచీలో డబ్బు వెతుకుతూ తల వంచుకునే మాట్లాడింది. "పేపరు పావుగంటలో అయిపోతుంది. పాస్టరు గంటకి తక్కువ మాట్లాడడు. బండిలో కూర్చునే మనిషికి ఏదో ఒకటి ఉండాలిగా."

"ఉండాలి," అన్నాడు రాయిస్.

"ఆయన చదువుతాడని కాదు."

"సీటు మీద పడుంటుంది."

"అదే. సీటు మీద పడుంటుంది."

లొరీన్ తల ఎత్తలేదు. వెల్మా కొత్త చెప్పులు తలుపు దాకా వెళ్లి, అక్కడ ఒక్క క్షణం ఆగి, గడప దాటడం ఆమె చూసింది. రాయిస్ కిటికీలోంచి చేయెత్తాడు. స్టీరింగు మీద నుంచి రెండు వేళ్లు లేచాయి.

ఆ సాయంత్రం కొట్టు మూసేటప్పుడు రాయిస్ లెక్క చూసుకున్నాడు. పోయినవి: వేసవి బడి ఆర్డరు, అమ్మకానికి పనికిరాని నల్లగీతల పుస్తకం ఒకటి, నాడీన్ నవ్వులో కొంచెం. వచ్చినవి: ఒక గిన్నెడు బఠాణీలు, అవి తినేశారు. ఒక రొట్టె, అదీ అయిపోయింది. తిప్పి ఇచ్చిన రకం సరుకునే అదే మనిషికి అదే ధరకు మళ్లీ అమ్మాడు, ఇన్నేళ్ల వ్యాపారంలో అలా ఎప్పుడూ జరగలేదు. మొదటి పెట్టెలోంచి ఇంకో నవల తీసి లొరీన్ దిండు పక్కన పెట్టుకున్నాడు, రేపు పొద్దున మొదలుపెట్టడానికి. మిగిలిన నిలువ: అతను చదివిన పుస్తకం ఒకటి.